భాష్యం గారి వీపు డైలాగులు

భాష్యం గారికి ఒక జబ్బుంది. ఎవరి వీపు కనిపించినా దానికి మాట ఇచ్చేస్తారు. మొహం కనిపిస్తే ఏ గొడవా లేదు, పెద్దమనిషిలా నోరు మూసుకుని కూర్చుంటారు. ఎదుటివాడు అటు తిరిగాడో, ఇక ఆ వీపు తరఫున ఈయన మాట్లాడటం మొదలుపెడతారు. ఆడవాళ్ళ వీపయితే గొంతు సన్నం చేస్తారు, పోలీసు వీపయితే గొంతు లావు చేస్తారు.

ఇది పుట్టుకతో వచ్చింది కాదు, మద్రాసు సినిమావాళ్ళ కోడంబాక్కంలో అంటుకుంది. ఆయన బతుకంతా డబ్బింగు సినిమాలకు తెలుగు మాటలు రాశారు. ఆ పనిలో ఒక కిటుకుంది. తెర మీద మొహం కనిపిస్తున్నంతసేపూ రచయిత పాత్రకు బానిస. వాడు పెదాలు మూసినచోట మకారమో పకారమో పడాలి, నోరు తెరిచినచోట తెరవాలి, ఆపినచోట ఆపాలి. దీన్నే సింకు అంటారు. ఈ తిప్పల్లో చెప్పాల్సిన అర్థం సగం బయటే మిగిలిపోతుంది. ఆ మిగిలిపోయిందంతా చంకలో పెట్టుకుని, పాత్ర ఎప్పుడు వెనక్కి తిరుగుతుందా అని రచయిత కాచుకుని కూర్చుంటాడు. తిరిగిందంటే పెదాలు కనిపించవు. ఇంకేముంది, మిగిలిన మాటలన్నీ ఆ వీపులో కుక్కేస్తాడు.

అందరూ కుక్కుతారు గానీ భాష్యం గారు కుక్కినట్టు ఎవరూ కుక్కలేదు. ఒక సినిమాలో కథానాయకుడు కోపంగా తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతాడు. అసలు సినిమాలో వాడు నోరు విప్పలేదు. భాష్యం గారి తెలుగులో మాత్రం ఆ గడప దాటేలోపల చెల్లెలి పెళ్ళి ఎందుకు తప్పిపోయిందో, ఇనప్పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టాడో, రాత్రికి భోజనానికి వస్తాడో రాడో అన్నీ చెప్పి మరీ వెళ్ళాడు. ఆ సీనుకు హాల్లో చప్పట్లు పడ్డాయని భాష్యం గారు అంటారు. దోమలు కొట్టుకుని ఉంటారని ఆయన భార్య కుముదిని గారు అంటారు.

ఆయన పని మానేసి చాలాకాలమైంది. కానీ లోకంలో వీపులు మానలేదు కదా. ఒకసారి కోడంబాక్కం స్టేషన్లో టిక్కెట్ల వరసలో నిలబడ్డారు. ముందర ఒక భారీ మనిషి వీపు. భాష్యం గారు కాసేపు ఉగ్గబట్టుకున్నారు, చూశారు, ఇక లాభం లేక అనేశారు.

"అబ్బబ్బా, పొద్దున ఆ పొంగలు రెండోసారి పెట్టించుకోకుండా ఉండాల్సింది."

ఆ మనిషి గిర్రున తిరిగాడు. "యార్ సార్ పేసినదు?" అని అరవంలో గద్దించాడు. ఎవరయ్యా మాట్లాడింది అని.

"నీంగదాన్ సార్," అన్నారు భాష్యం గారు, మీరే కదా సార్ అన్నట్టు వినయంగా. ఆ మనిషి అయోమయంగా పొట్ట తడుముకున్నాడు. పొద్దున నిజంగానే పొంగలు తిన్నాడో ఏమో.

ఇంట్లో కుముదిని గారు ఇంతకంటే అనుభవించారు. ఆవిడ స్టవ్వు వైపు తిరిగి నిలబడితే చాలు, వెనకనుంచి ఆవిడ గొంతుతో, "ఈ పొద్దు ఈయనకు ఇంకో గ్లాసు కాఫీ ఇస్తే ఏం పోయింది" అని వినిపించేది.

"పెండ్లయినప్పట్నించీ ఈయన నాతో కాపురం చెయ్యలేదమ్మా, నా వీపుతో చేసినాడు," అని ఆవిడ మేడ మీద అద్దెకు వచ్చే ప్రతివాళ్ళకూ ముందే చెప్పి పెట్టేవారు. సునయనకూ అలాగే చెప్పారు.

సునయనది అనకాపల్లి. ఐటీ ఉద్యోగానికి చెన్నై వచ్చి, తన ఊరి కాలేజీ స్నేహితురాలు హైందవితో కలిసి ఆ మేడ గది తీసుకుంది. ఇద్దరికీ ఒకటే పిచ్చి. కొరియా సీరియళ్ళు, జపాను సినిమాలు, చైనా కథలు, అవి ఇంగ్లీషులోకి వచ్చిన నవలలు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఒక మంచం, ఒక లాప్‌టాప్, ఒక గిన్నెడు మరమరాలు. సీరియల్లో అమ్మాయి ఏడిస్తే వీళ్ళూ ఏడ్చేవాళ్ళు. హైందవి త్వరగా ఆపేసేది, సునయన మర్నాటి దాకా లాగేది. వాళ్ళ మధ్య ఒక కట్టుబాటు ఉండేది. ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు ఒక్క భాగం కూడా ముందుకు చూడకూడదు.

ఆ కట్టుబాటు హైందవి తప్పింది. ఒక శుక్రవారం సునయన ఆఖరి భాగం పెట్టబోతే, దాని కింద ఎర్రగీత ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోయి ఉంది. అంటే ఎవరో అప్పటికే చూసేశారు. ఆ ఖాతా వాడేది ఇద్దరే.

"చూసేశావా?" అంది సునయన.

"ఆఫీసు బండిలో... ట్రాఫిక్కులో ఉన్నానే," అంది హైందవి.

"నేను లేకుండా?"

"ఒక్క భాగమేనే. నేనెందుకు చూశానంటే..."

"చెప్పకు. నాతో మాట్లాడకు. ఇంకెప్పుడూ మాట్లాడకు."

వినేవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. ఆ ఊళ్ళో సునయనకు ఉన్న లోకమల్లా ఆ మంచమూ, ఆ శుక్రవారమూ, ఆ పిల్లా. అందుకని ఆ ఎర్రగీత ఆమె గుండెలో గీసినట్టయింది. హైందవికీ పౌరుషం వచ్చింది. ఆదివారానికల్లా రెండు సంచులు సర్దుకుని ఆఫీసు దగ్గర ఒక హాస్టల్లో చేరిపోయింది. మిగతా సామాను తర్వాత తీసుకెళ్తానని కింద కుముదిని గారితో చెప్పింది, పైన సునయనతో చెప్పలేదు.

ఆ తర్వాత సునయన తన ఒంటరితనానికి ఒక సిద్ధాంతం తయారుచేసుకుంది. తను చూసే సినిమాల్లో, చదివే నవలల్లో గొప్పవాళ్ళెవరూ మాట్లాడరు. కిటికీలోంచి బయటికి చూస్తారు. వాన పడుతుంది. నూడుల్సు చల్లారిపోతాయి. అంతే, అందులోనే ప్రేమంతా ఉంటుంది. చెప్పేస్తే చవకబారు అయిపోతుంది. కాబట్టి తనూ చెప్పదు, తనూ ఫోన్ చెయ్యదు. చారన్నం ఒక పింగాణీ గిన్నెలో పోసుకుని, వెదురుపుల్లలతో తినబోయి, మెతుకులు ఒళ్ళో పడేసుకుంటూ, కిటికీలోంచి బయటికి చూసేది. బయట పక్కింటి విజి వాళ్ళ నీళ్ళట్యాంకూ, దాని పక్కన తీగ మీద వాళ్ళ నాన్న లుంగీ కనిపించేవి. ఆ లుంగీ వైపు అంత విషాదంగా చూసిన మనిషి ఆ వీధిలో ఇంకొకరు లేరు.

కానీ లోపల మాత్రం బాగా దిగులుగా ఉండేది. ఆఫీసులో అందరూ తమిళంలో నవ్వుకుంటుంటే అర్థం కాకపోయినా నవ్వేది. ఇంటికొచ్చి తాళం తీస్తే గది తను పొద్దున వదిలినట్టే ఉండేది. దువ్వెన పెట్టినచోటే దువ్వెన. ఎవరూ ఏదీ కదపని ఇల్లు ఎంత భయంగా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఇంతలో ఆమె లాప్‌టాప్ మూత విరిగింది. కుముదిని గారు మెట్ల మీద ఆపి, "కింద పెద్ద టీవీ ఉండాది గదమ్మా, ఈడకొచ్చి చూసుకో. మాకూ పొద్దుపోతాది," అన్నారు. ఆదివారం సాయంత్రం సునయన దిగివచ్చి ఒక జపాను సినిమా పెట్టింది. పక్కింటి విజి కూడా వచ్చింది. విజి ఇంటరు పిల్ల, కొరియా సీరియళ్ళు తమిళంలో చూసి చూసి పండిపోయింది.

సినిమా మొదలైంది. ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని తోట వైపు చూస్తున్నాడు. కెమెరా ఆయన వెనక ఉంది. కదలదు. ఆయనా కదలడు. తర్వాత ఆయన కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఆమెదీ వీపే. తర్వాత ఇద్దరూ రైలు స్టేషనుకు నడిచారు. వెనకనుంచే.

భాష్యం గారు కుర్చీలో ముందుకు జరిగారు. కళ్ళు మెరిశాయి. "పాపా, ఈ సినిమా అంతా ఇట్లేనా?"

"ఇంచుమించు ఇలాగే బాబాయిగారూ. చాలా నెమ్మదిగా ఉంటుంది. మీకు విసుగనిపిస్తే..."

"విసుగా! నా సర్వీసంతా కలిపినా ఇన్ని వీపులు చూళ్ళేదమ్మా నేను. మావోళ్ళు సినిమాకు రెండో మూడో ఇస్తే ఎక్కువ. ఈ దేశంలో పుట్టుంటే నా కత వేరేగా ఉండేది!"

అని, గొంతు సవరించుకుని, ముసలాయన వీపుకు మాట ఇచ్చేశారు. "ఏమ్మా, ఈ మల్లెచెట్టుకు నీళ్ళు పోసి ఎన్ని దినాలయింది? నేను పోతే ఈ ఇంట్లో చెట్టును చూసేవాడు కూడా లేడు."

కూతురు వీపు: "పోతే చూద్దాంలే నాయినా, ముందు లేచి లోపలికి రా. దోమలు."

విజి పడీ పడీ నవ్వింది. కుముదిని గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సునయన పళ్ళు కొరుక్కుంది. కింద అక్షరాలు చదువుకుందామంటే విజి, "అక్కా, సబ్‌టైటిల్ వేండాం అక్కా, తాత డైలాగే పోదుం," అని బతిమాలింది. తాత మాటలే చాలట.

సరే, పెద్దాయన, ఏదో సరదా. సునయన తర్వాతి ఆదివారమూ వచ్చింది. మేడ మీద ఒక్కతే లుంగీ వైపు చూడటం కంటే ఇదే నయమనిపించింది. అయితే రానురాను భాష్యం గారి డైలాగులు మరీ విడ్డూరంగా తయారయ్యాయి.

ఒక కొరియా సినిమాలో చేపలు పట్టుకునే ముసలివాడు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. కొడుకు పడవతో పాటు మునిగిపోయాడు. అల ఒకటి వచ్చి కాళ్ళు తడిపి వెళ్ళింది. సునయన కళ్ళనిండా నీళ్ళు. ఆ ముసలివాడి వీపు సన్నటి గొంతుతో అడిగింది.

"ఏటే, గీజరు కట్టేశావా?"

"బాబాయిగారూ!" అని అరిచింది సునయన. "ఆయన కొడుకు చచ్చిపోయాడండీ! అసలాయనకి గీజరెక్కడిది?"

"చలిదేశం పాపా. ఉంటాది," అన్నారు భాష్యం గారు తొణక్కుండా.

సునయన ఉండబట్టలేక పైకి వెళ్ళి చూసింది. గీజరు నిజంగానే ఆన్‌లో ఉంది. ఆమెకు ఆ అలవాటు మొదట్నించీ ఉంది, పొద్దున వేసి ఆపడం మరిచిపోతుంది. కాకతాళీయం అనుకుని ఆపేసి దిగివచ్చింది.

తర్వాతి వారం ఒక పాతకాలపు యోధుడు. ప్రభువును చంపినవాళ్ళ మీద పగ తీర్చుకోవడానికి మంచులో ఒంటరిగా నడిచిపోతున్నాడు. నడుముకు కత్తి. చుట్టూ తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఆ వీపు అంది, "కడుపులో మంటగా ఉంటే నాలుగు మెంతులు నోట్లో వేసుకుని మజ్జిగ తాగు. మాత్రలు మింగకు."

మరో వారం చైనా ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి బస్సు కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చుంది. ఆ వీపేమో, "మళ్ళీ నిన్నటి చారేనా? కాస్త కూర వండుకుంటే ఏం పోయిందే?" అంది.

ఏ దేశంవాడు, ఏ కాలంవాడు అన్న తేడా లేదు. వీపు తిప్పితే చాలు, ఒకటే అడగడం. తిన్నావా, పడుకునేముందు కిటికీ మూశావా, గొడుగు తీసుకెళ్ళావా. పైగా ఇవి చెప్పేటప్పుడు భాష్యం గారి భాష కూడా మారిపోయేది. ఆయన మామూలుగా ఈడ, ఆడ, ఉండాది అనే మనిషి. ఈ వీపులు మాత్రం ఏటే, ఏంటే అని అనకాపల్లి వైపు మాట్లాడేవి. రచయిత కదా, నా యాసను వెక్కిరిస్తున్నాడులే అని సునయన ఊరుకుంది.

ఒక ఆదివారం మాత్రం ఊరుకోలేకపోయింది. ఆ రోజు పెట్టింది ఆమెకు ప్రాణమైన సినిమా. ఇద్దరు స్నేహితురాళ్ళు ఉంటారు. ఏదో మనస్పర్థ వచ్చి విడిపోతారు. చివర్లో ఒకామె రైలెక్కుతుంది, ఇంకొకామె ప్లాట్‌ఫారం మీద అటు తిరిగి నిలబడుతుంది. ఇద్దరూ మాట్లాడరు. రైలు పోతుంది. ఈ సీనును సునయన ఎన్నిసార్లు చూసి ఏడ్చిందో ఆమె దిండుకే తెలుసు.

రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీది వీపు సన్నగా అంది. "ఒక్క మాట అడగొచ్చు కదే. ఎందుకు చేశావని ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని."

సునయన రిమోటు నేలకేసి కొట్టినంత పని చేసింది. "చాలు బాబాయిగారూ! మాట్లాడకపోవడమే ఈ సినిమా గొప్పతనం. అది మీకు అర్థం కాదు. అన్నీ చెప్పేస్తే ఇంకేం మిగులుతుంది?"

భాష్యం గారు ఆమె మొహం వైపు చూశారు. మొహం ఎదురుగా ఉంది కాబట్టి సొంత గొంతుతోనే మాట్లాడారు.

"చెప్పకపోతే మాత్రం ఏం మిగులుతాది పాపా? నేను ఇన్నేండ్లూ వీపులే చూసినా. చెప్పేదానికేమీ లేక వెనక్కి తిరిగినోణ్ణి ఒక్కణ్ణి చూళ్ళా. జాస్తిగా ఉండబట్టి తిరిగినోళ్ళే అందరూ."

"అది మీ డబ్బింగు సినిమాల్లో," అని సునయన లేచి వెళ్ళిపోయింది. మెట్లెక్కుతుంటే తన వీపుకు ఏదో ఒక మాట పడుతుందని అనుకుంది. పడలేదు. ఎందుకో అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆమె కిందికి దిగలేదు. కింద టీవీ మోత ఒక్కటే వినిపించేది, విజి నవ్వు వినిపించేది కాదు. పైన సునయన పింగాణీ గిన్నె ముందు కూర్చుని, ఇది చాలా అందమైన ఒంటరితనం అని తనకు తానే చెప్పుకునేది. అందం సంగతేమో గానీ ఏడుపు మాత్రం బాగా వచ్చేది. గీజరు సాయంత్రం దాకా వెలుగుతూనే ఉండేది.

ఒక శనివారం కుముదిని గారు పైకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "హైందవి రేపు పొద్దున్నే వస్తా ఉండాదమ్మా, సామాను ఎత్తుకుపోను. హైదరాబాదుకు మార్చేసినారంట. వ్యాను మాట్లాడుకుందంట."

"ఓహో," అంది సునయన.

ఆవిడ వెళ్ళాక మంచం మీద కూలబడింది. హాస్టల్లో ఉన్నంతకాలం అదే ఊళ్ళో ఉందిలే, ఎప్పటికైనా వస్తుందిలే అని మనసులో ఒక మూల ధైర్యముండేది. ఇప్పుడది కూడా పోతోంది. ఏం చెయ్యాలి? సిద్ధాంతం ప్రకారం ఏమీ చెయ్యకూడదు, కిటికీలోంచి చూడాలి. సరే, అలాగే చేద్దామని గట్టిగా అనుకుంది.

పొద్దున హైందవి వచ్చింది. కాస్త చిక్కినట్టుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సామాను పంచుకున్నారు. కుక్కరు హైందవిది, మిక్సీ సునయనది. పుస్తకాల దగ్గర చిక్కొచ్చింది. ఒక పెద్ద చైనా నవల రెండు సంపుటాలు చెరి సగం వేసుకుని కొన్నారు. హైందవి మొదటి సంపుటం తీసి సంచిలో వేసుకుంది. రెండోది మంచం మీద వదిలేసింది. కథ మొదలు ఒక ఊళ్ళో, ముగింపు ఇంకో ఊళ్ళో.

సామానంతా వ్యానెక్కింది. హైందవి గేటు దగ్గర ఆగి, రోడ్డు వైపు తిరిగి నిలబడింది. వెళ్ళడం లేదు, వెనక్కి రావడమూ లేదు. సునయన మెట్ల మలుపు దాకా దిగి, అక్కడి తీగ మీద ఎప్పుడో ఆరిపోయిన తువ్వాలును మళ్ళీ ఆరెయ్యసాగింది, గోడ వైపు తిరిగి. సరిగ్గా ఆ సినిమాలో లాగే. ఎంత అందంగా ఉందో, ఎంత నరకంగా ఉందో!

ఇద్దరి మధ్యా వరండాలో ప్లాస్టిక్ కుర్చీ. అందులో బనియనుతో భాష్యం గారు. అటు చూస్తే ఒక వీపు. ఇటు చూస్తే ఒక వీపు.

పాపం, ఆయన ఆగాలనే అనుకున్నారు. కుముదిని గారు కిటికీలోంచి, "ఏమండీ, వద్దు" అని సైగ చేశారు కూడా. కానీ ఎదురుగా మంచి వీపులు రెండు వృథాగా పోతుంటే ఆ మనిషి ఏం చేస్తాడు?

"ఒసే సునయనా," అంది హైందవి వీపు, సన్నటి గొంతుతో. "ఎల్లిపోతన్నానే."

"పో. ఎవరు పట్టుకున్నారు?" అంది సునయన వీపు, కాస్త బొంగురు గొంతుతో.

సునయనకు ఒళ్ళు మండింది. కానీ తిరిగితే ఓడినట్టు. తువ్వాలు దులిపింది.

"తిన్నావా?"

"తిన్నాను. పుల్లలతో."

గోడ మీంచి చూస్తున్న విజి కిసుక్కుమంది.

"నీకు చెప్పకుండా ఆఖరి భాగం ఎందుకు చూశానో ఒక్కసారి అడగలేదు నువ్వు."

"నువ్వు చెప్పలేదు."

"చెప్పనిచ్చావా? అంతకుముందు ఆ జపాను సినిమా చూసి, అందులో పిల్ల చచ్చిపోయిందని రెండ్రోజులు అన్నం మానేశావు. కడుపులో మంటని మెలికలు తిరిగావు. దీంట్లో కూడా ఎవరైనా చస్తారేమోనని నేను ముందు చూశానే. చస్తే, ఇంటర్నెట్టు లేదనో తలనొప్పనో చెప్పి ఆ ముగింపు నీకు చూపించకుండా ఉందామనుకున్నాను."

సునయన చేతిలో తువ్వాలు ఆగిపోయింది. అన్నం మానేసిన సంగతి, కడుపులో మంట సంగతి భాష్యం గారికి తెలియవు. అవి తెలిసింది ఒక్కరికే.

గేటు దగ్గర వీపు ఒక్కసారి కదిలింది. హైందవి వెనక్కి తిరిగి అరిచింది. "బాబాయిగారూ! నా మాట ఎత్తనని ఒట్టేశారు మీరు!"

మొహం కనిపించింది. భాష్యం గారు టక్కున నోరు మూసుకున్నారు.

సునయన కూడా తిరిగింది. ఇప్పుడు రెండు మొహాలు. వీపుల్లేవు. కుర్చీలో ఆయన చేతులు కట్టుకుని, ఇక నాకేం సంబంధం అన్నట్టు కొబ్బరిచెట్టు వైపు చూస్తున్నారు. వాళ్ళ మాటలు వాళ్ళే రాసుకోవాలి.

చివరికి సునయన అడిగింది. "చస్తారా?"

"ఎవరు?"

"ఆ సీరియల్లో."

"చావరే. పెళ్ళవుతుంది. బిడ్డ కూడా."

"చెప్పేశావా! ముగింపు చెప్పేశావా!" అంటూనే సునయన మిగిలిన నాలుగు మెట్లూ ఒక్క దూకు దూకి, గేటు దాకా పరుగెత్తి, స్నేహితురాలి మెడ పట్టుకుని ఏడ్చేసింది. ఇలా భోరుమని ఏడవడం ఏ జపాను సినిమాలోనూ ఉండదు.

విషయమంతా గేటు దగ్గరే బయటపడింది. హైందవి హాస్టలుకు వెళ్ళిన దగ్గర్నుంచీ వారం వారం కుముదిని గారికి ఫోన్ చేసేది. అది తిన్నదా, గీజరు కట్టేసిందా, కడుపు ఎలా ఉంది. ఆ ఆఖరి భాగం ఎందుకు చూసిందో కూడా ఆవిడతోనే చెప్పుకుంది. తన పేరు మాత్రం దాని ముందు ఎత్తొద్దని ముసలివాళ్ళిద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

సునయన కళ్ళు తుడుచుకుని భాష్యం గారి వైపు తిరిగింది. "అయితే ఆ చేపలాయన... ఆ కత్తి పట్టుకున్నాయన... మెంతులు..."

"నన్నేమీ అడగొద్దు పాపా. నేను ఒట్టు తప్పలా," అన్నారాయన. "ఈ పిల్ల పేరు ఎత్తినానా? లేదే. కొరియావోళ్ళ వీపులు ఏదో అనినాయి. దానికి నేనేం చేసేది? మొహంలో పట్టని మాట వీపులోనే కదా పెట్టాల్సింది. మా పనే అది."

"ఎన్నమ్మా, టైం ఆచ్చు," అని వ్యాను డ్రైవరు తొందరపెట్టాడు. కుముదిని గారు అతన్నీ వరండాలో కూర్చోబెట్టి ఇడ్లీలు పెట్టారు. ఆడపిల్లలిద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. హైందవి సంచిలోంచి మొదటి సంపుటం తీసి సునయనకిచ్చి, రెండోది తను తీసుకుంది. "నువ్వు మొదటిది పూర్తిచెయ్యి. అప్పటిదాకా ఇది తెరవను. ఒట్టు," అంది. శుక్రవారం ఒకే టైముకు ఇక్కడొకరు, అక్కడొకరు ఫోన్ పక్కన పెట్టుకుని చూడాలని కూడా అనుకున్నారు. అది ఒక మంచం మీద కూర్చుని చూసినట్టు ఉండదని ఇద్దరికీ తెలుసు.

వ్యాను మలుపు తిరిగింది. సునయన గేటు పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. పైన సగం ఖాళీ అయిన గది ఉంది. ఆ దిగులు దిగులుగానే ఉంది గానీ ఇప్పుడది భయపెట్టడం లేదు. వెనకనుంచి తన వీపుకు ఒక మాట పడుతుందేమోనని ఎదురుచూసింది. పడలేదు.

"నాకు డైలాగు రాయరా బాబాయిగారూ?" అని అడిగింది, తిరక్కుండానే.

"ఎందుకు? చెప్పాల్సిందంతా నువ్వే చెప్పేసినావు కదా. మిగల్లేదేమీ."

కుర్చీ జరిగిన చప్పుడు. సునయన తిరిగి చూసేసరికి భాష్యం గారు కుర్చీ ఎత్తుకుని లోపలికి వెళ్తున్నారు. ఇన్నాళ్ళలో ఆయన వీపు ఆమె చూడనే లేదు. ఎప్పుడూ ఆయనే అందరి వెనకా ఉండేవారు. బనియను భుజం దగ్గర చిన్న చిరుగు. నడుం కాస్త వంగింది. ఆ వీపుకు ఎవరూ ఎప్పుడూ మాట ఇచ్చినట్టు లేదు.

సునయన గొంతు లావు చేసింది. "వచ్చే ఆదివారం ఇంకో జపాను సినిమా పెట్టు పాపా. నువ్వు రాని ఆదివారాలు టీవీ చూస్తా ఉంటే, ఒక్క వీపుకు కూడా మాట రాలేదు నాకు."

భాష్యం గారు గుమ్మంలో ఆగిపోయారు. తిరగలేదు. కుముదిని గారు లోపలినుంచి, "నిజమే చెప్పింది" అన్నారు.

"సింకు తప్పింది," అన్నారు భాష్యం గారు, అటే చూస్తూ.

"వీపుకి సింకేంటి బాబాయిగారూ?"

"సరేలే. బాగానే రాసినావు. చివర్న ఒక మాట విడిచిపెట్టినావు, అది కూడా చేర్చుకో."

"ఏంటది?"

"పైన గీజరు ఆపినావా అని."

ఈసారి ఇది హైందవి మాట కాదు, అచ్చంగా ఆయన మాటే. సునయన నాలుక్కరుచుకుని మెట్లెక్కి పరుగెత్తింది. గీజరు ఆన్‌లోనే ఉంది.